ఆఖరి భాగం ఎక్కడ గాడి తప్పిందో పట్టుకోవడం ఎలా?

‘క్లైమాక్స్ తేలిపోయింది’ అని ఒక్క ముక్కలో తీసిపారేస్తే సినిమా గురించి ఏమీ చెప్పినట్టు కాదు. ఆఖరి భాగం మీద నిరాశ చాలాసార్లు ముందు భాగాలు పెట్టిన బాకీల దగ్గర మొదలవుతుంది. ఏ సీన్‌లో మాట ఇచ్చారు, ఏ సీన్‌లో తప్పారు అన్నది వేలు పెట్టి చూపించగలగాలి. ఇది నేర్చుకోవడానికి ‘మ్యాట్రిక్స్’ సినిమాల్లో మూడోదైన ‘మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్’ బాగా పనికొస్తుంది. యంత్రాలు మనుషులను మ్యాట్రిక్స్ అనే కృత్రిమ లోకంలో బంధించిన కథ ఇది. రెండో భాగం ‘రీలోడెడ్’ 2003 మే నెలలో, ఇది అదే ఏడాది నవంబరులో వచ్చాయి. రెండూ కలిపి ఒకే దఫాలో తీశారు కాబట్టి, మధ్యలో కథ మర్చిపోయారన్న సాకుకు చోటు లేదు.

మూడు సినిమాలూ ఒకే రోజు చూడకండి. 1999 నాటి మొదటిది 136 నిమిషాలు, ‘రీలోడెడ్’ 138, మూడోది 129. ఆరున్నర గంటలకు పైగా కూర్చుంటే వచ్చే అలసటను చివరి సినిమా మీదికి నెట్టేస్తాం. మూడోదానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు ‘రీలోడెడ్’ చివరి అరగంట మళ్ళీ చూడండి, బాకీల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: ప్రశ్న, అది పుట్టిన సీన్, జవాబు వచ్చిన సీన్, జవాబు ఎలా వచ్చింది. మొదటి రెండు గళ్ళూ మూడో సినిమా చూడకముందే నింపాలి. చూశాక రాస్తే, దొరికిన జవాబులకు తగ్గట్టు ప్రశ్నలు రాసుకుంటాం. ‘రీలోడెడ్’ నుంచి కనీసం ఇవి ఎక్కాలి: మనుషులను కాపాడతాడని నమ్మే ‘ఎంపికైనవాళ్ళ’లో కథానాయకుడు నియో ఆరోవాడని, మనుషుల ఆఖరి నగరం జయాన్ ఇప్పటికే ఐదుసార్లు నాశనమైందని మ్యాట్రిక్స్‌ను తయారుచేసిన ఆర్కిటెక్ట్ చెప్పడం, నిజ ప్రపంచంలో నియో చెయ్యి చాపి సెంటినెల్ యంత్రాలను కూల్చడం, మ్యాట్రిక్స్ లోపలి ప్రోగ్రామ్, నియో శత్రువు స్మిత్, బేన్ అనే మనిషి ఒంట్లోకి దూరి నిజ ప్రపంచంలోకి రావడం, రెండున్నర లక్షల యంత్రాలు జయాన్ మీదికి తవ్వుకుంటూ రావడం.

సినిమా నడుస్తున్నప్పుడు చోటు మారిన ప్రతిసారీ టైమ్ రాసుకోండి. మ్యాట్రిక్స్ లోపల, జయాన్‌లో, ఓడల్లో, యంత్రాల నగరంలో ఎంతెంత సేపు గడిచిందో చివర కూడితే అసలు సంగతి బయటపడుతుంది. మొదట్లో నియో రైల్వే స్టేషన్‌లో ఇరుక్కుపోతాడు. జయాన్ యుద్ధం నడిచే సుదీర్ఘ మధ్యభాగంలో నియో, అతని ప్రేయసి ట్రినిటీ అక్కడ లేరు. నియోకు దారి చూపిన మార్ఫియస్, ఓడ నడిపే నయోబీ పక్కన కూర్చుని సాయం చేస్తుంటాడు. పోరాడేది జయాన్ వాళ్ళైన మిఫూనే, కిడ్, జీ. యుద్ధం తీసిన పనితనంలో లోటు లేదు. రెండు సినిమాలుగా మనం ఎవరి వెంట నడిచామో వాళ్ళే అక్కడ లేరు, ఉన్నా పక్కకు జరిగారు. అందుకే ‘సాగదీశారు’ అనిపిస్తుంది.

నాలుగో గడిలో మూడు మాటల్లో ఒకటే రాయండి: జరిగి చూపింది, మాటతో సరిపెట్టింది, వదిలేసింది. బేన్ బాకీ మొదటి రకం, అతనే నియో కళ్ళు పోగొడతాడు. బయటి ప్రపంచంలో నియో శక్తి రెండో రకం, అది యంత్రాల మూలకేంద్రమైన సోర్స్ దాకా వెళ్తుందని, జరగబోయేది చెప్పే ఒరాకిల్ అనే మాటతో ముగిసింది. మ్యాట్రిక్స్‌లో పలుకుబడి ఉన్న ప్రోగ్రామ్ మెరోవింజియన్ విషయం మూడో రకం. క్లబ్బులో ట్రినిటీ తుపాకీ గురిపెట్టిన తర్వాత ఈ సినిమాలో మళ్ళీ కనిపించడు.

పొగడాల్సిన చోటూ ఈ గళ్ళలోనే దొరుకుతుంది. మనుషులే ఆకాశాన్ని మాడ్చేశారని మొదటి సినిమాలో మార్ఫియస్ చెప్పాడు. మూడోదాంట్లో ఓడ మేఘాలను చీల్చుకుని పైకి లేచినప్పుడు ట్రినిటీ ముఖం మీద ఎండ పడుతుంది. కొన్ని క్షణాలే, వెంటనే ఓడ కిందికి జారిపోతుంది. పక్కనే ఉన్న నియోకు చూపు లేదు. నాలుగేళ్ళ కిందటి బాకీని ఏ వివరణా లేకుండా తీర్చిన సీన్ ఇది. సినిమా బాగోలేదన్న కోపంలో దీన్ని దాటేస్తే మీ విశ్లేషణ కుంటుపడుతుంది.

క్లైమాక్స్‌కు ఇంకో పరీక్ష పెట్టండి: ‘దీనివల్ల ఇది జరిగింది’ అని ఒకే వాక్యంలో చెప్పి చూడండి. స్మిత్‌ను ఆపుతానని నియో యంత్రాలతో ఒప్పందం చేసుకున్నాడు, వానలో లొంగిపోయి స్మిత్‌ను తనలోకి రానిచ్చాడు, యంత్రాలకు కలిపి ఉన్న తన శరీరం ద్వారా స్మిత్ తుడిచిపెట్టుకుపోయాడు. తర్కం ఉంది. కానీ చివరి మెట్టును సినిమా వెలుగుతో మాత్రమే చూపింది. దానికి ముందున్న భారీ ఫైటేమో గెలుపు గుద్దుల్లోనే ఉందన్న భ్రమ కలిగించింది. ఈ రెంటి మధ్య ఖాళీలోనే ప్రేక్షకుడు జారిపోయాడు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడ: నిజ ప్రపంచం కూడా ఇంకో మ్యాట్రిక్సే అయ్యుంటుందని అప్పట్లో చాలామంది ఊహించుకున్నారు. ఆ ఊహ నిజం కాలేదన్నది సినిమా తప్పు కాదు. షాట్ లేదా డైలాగ్ చూపించలేని ప్రశ్నను కాగితం మీంచి కొట్టేయండి. నిజ ప్రపంచంలో నియో చెయ్యి చాపి యంత్రాలను కూల్చిన సీన్ మాత్రం ఉంచండి, దానికి జవాబు చెప్పాల్సింది సినిమానే.

తెర బయటి కారణాలు విడిగా రాసుకోండి. ఒరాకిల్‌గా నటించిన గ్లోరియా ఫోస్టర్ 2001లో మరణించారు, మూడో భాగంలో ఆ పాత్ర మేరీ ఆలిస్ చేశారు. ముఖం ఎందుకు మారిందో వివరంగా చెప్పింది ‘ఎంటర్ ది మ్యాట్రిక్స్’ వీడియో గేమ్‌లో. కిడ్ గతం ‘యానిమ్యాట్రిక్స్’ అనే యానిమేషన్ లఘుచిత్రాల సంకలనంలో ఉంది. నటి మరణం ఎవరి తప్పూ కాదు. సినిమా టికెట్ మాత్రమే కొన్నవాడికి కథ సగం అందేలా పంచడం మాత్రం తప్పే.

వసూళ్ళను రుజువుగా వాడకండి. ‘రీలోడెడ్’ సుమారు 74 కోట్ల డాలర్లు తెస్తే ఇది 43 కోట్ల దగ్గర ఆగింది. జనం తగ్గారని ఆ అంకెలు చెబుతాయి, ఏ సీన్ వల్లో చెప్పవు. 2021లో వచ్చిన నాలుగో భాగం ఇచ్చే జవాబులను కూడా ఈ కాగితం మీదికి తేకండి, వాటికి వేరే కాగితం తీసుకోండి.