గెకో పెట్టెలో నాపరాయి కదలకుండా పెట్టడం

మా కడపలో నాపరాయి ముక్కలకు కరువు లేదు. మా లెపర్డ్ గెకో (పెంపుడు బల్లి) గుహకు వాడేదీ అవే. మొదట్లో మట్టి మీదే రాళ్లు పేర్చి పలక పెట్టాను. రాత్రికి గెకో కింద తవ్వేసింది, పలక ఒరిగిపోయింది. వేలెడు దూరంలో తోక తప్పింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

అందుకే ముందు రాళ్లు, తర్వాతే మట్టి. పలకను మోసే కాళ్ల రాళ్లు నేరుగా గాజు అడుగు మీదే ఆనాలి. రాయిని కడిగి, తడి పూర్తిగా ఆరాక, పై పలకను అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. రాతి దుమ్ము ఉంటే పట్టదు. సిలికాన్ నుంచి వచ్చే వెనిగర్ వాసన పోయేదాకా బల్లిని వదలొద్దు. నేను రెండు రోజులు ఆగుతాను. టేపు మాత్రం వద్దు, అంటుకుంటే చర్మం ఊడొస్తుంది.

చివర్లో అరచేత్తో గట్టిగా నెట్టండి. ఏమాత్రం ఊగినా విప్పి మళ్లీ పెట్టండి.