కొత్త మిషనరీకి తెలుగు నేర్పడం – 3వ పాఠం: మీరు, నువ్వు, మేము, మనం

విదేశం నుంచి వచ్చిన మిషనరీకి తెలుగు నేర్పే మీకోసం ఈ పాఠం. కిందటి రెండు పాఠాల్లో ధ్వనులు అయ్యాయి. ఇవాళ కూర్చోగానే మొదటి పది నిమిషాలు మళ్ళీ వాటికే ఇవ్వండి. పాత–పాట, అత్త–అట్ట, పది–పడి, గుడి–గుడ్డి. ఒక్కో మాట ఒక్కో చీటీ మీద బొమ్మగానో గుర్తుగానో వేసి బల్ల మీద పరవండి. మీరు వరస మార్చి మార్చి అంటుంటే వచ్చినవారు వేలితో చూపించాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చూపిస్తే కొత్త పాఠంలోకి వెళ్ళండి. లేకపోతే రెండ్రోజులు ఆగినా నష్టం లేదు. ఇంగ్లీషువాళ్ళ ‘ట’కి నాలుక మన త లాగా పళ్ళకు తగలదు, మన ట లాగా అంగిట్లోకి మడత పడదు. మధ్యలో, పంటి చిగుళ్ళ దగ్గర పలుకుతుంది. అందుకే త, ట రెండూ వాళ్ళకి ఒకటిగానే వినిపిస్తాయి. ‘పాలు’ అనమంటే ‘ఫాలు’ వస్తోందా? సన్నటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని అనమనండి. కాగితం కదలకూడదు.

ఇక ఈ వారం పాఠం. తెలుగులో తప్పు పలికితే జనం నవ్వి ఊరుకుంటారు. నువ్వు, మీరు తప్పితే మనసులో పెట్టుకుంటారు. పైకి మాత్రం ఎవరూ అనరు. అందుకే ఆ సంగతి చెప్పాల్సింది మీరే.

వచ్చినవారు ఈ తప్పులోకి ఎలా జారతారో ముందు తెలుసుకోండి. వాళ్ళు మొదట వినే తెలుగు చర్చిలో ప్రార్థన. అందులో దేవుణ్ణి ‘నీవు’ అంటాం. దేవుడికే ‘నీవు’ సరిపోతే మనుషులకి సరిపోదా అనుకుని, సంఘపెద్దను పట్టుకుని ‘నువ్వు ఎలా ఉన్నావు?’ అంటారు. అది దగ్గరితనంతో వచ్చే నువ్వు అనీ, అమ్మని ‘నువ్వు’ అన్నట్టే దేవుణ్ణి అంటామనీ విడమరిచి చెప్పండి.

అభ్యాసానికి ఐదు ఫొటోలు చాలు: ఇంటి యజమానురాలు, కిరాణా కొట్టాయన, ఆటో అబ్బాయి, పేటలో (దళితవాడలో) ఒక పెద్దాయన, ఆరేళ్ళ పిల్ల. ముందు మీరు ఒక్కొక్కరినీ పిలుస్తూ ఒకే ప్రశ్న అడగండి: ‘అన్నం తిన్నారా అండి?’ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ‘అన్నం తిన్నావా అమ్మా?’ వచ్చినవారు నోరు విప్పకుండా కనీసం పన్నెండుసార్లు వినాలి. ఆ తర్వాత మీరు ఫొటో చూపించడం, వారు అడగడం.

పిల్లలకి తప్ప అందరికీ ‘మీరు’ అని గట్టిగా చెప్పండి. మన ఊళ్ళల్లో కామందును మీరనీ, పేటలో తలనెరిసిన కూలీని నువ్వనీ పిలిచే అలవాటు ఇంకా పోలేదు. కొత్తగా వచ్చినవారికి చెవే బడి. మనం అన్నదే వాళ్ళూ అంటారు. మీ నోట్లో ఆ తేడా ఉంటే పాఠానికి ముందు అది సరిచేసుకోండి. సువార్త చెప్పడానికి వచ్చిన మనిషికి మనం నేర్పకూడని తెలుగు ఏదన్నా ఉంటే, అదే.

వరసలు మూడే నేర్పండి: పెద్దావిడకి మామ్మగారు, నడివయసు వాళ్ళకి బాబాయిగారు, పిన్నిగారు. బావ, వదిన, మరదలు జోలికి ఇప్పుడు వద్దు. అవి వేళాకోళం కలిసిన వరసలు. పుస్తకంలో అర్థం చూసి ఆ మాట వాడితే ఇంట్లోవాళ్ళు ఇబ్బంది పడతారు. మన గోదావరి వైపు ‘అవునండి’కి బదులు ‘ఆయ్’ అంటాం కదా, దాని అర్థం చెప్పండి. వాడటం మాత్రం తర్వాత. యాస కుదరకుండా అంటే వెక్కిరించినట్టు ఉంటుంది. ‘దొరగారు’ అని ఎవరైనా పిలిస్తే మాన్పించండి.

మేము, మనం. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట, కాబట్టి అర్థం చెబితే తలకెక్కదు, కళ్ళకు చూపించాలి. ఇంకొకరిని పిలిచి ముగ్గురూ నిలబడండి. సుద్దముక్కతో నేల మీద గీత గీసి, వచ్చినవారిని అవతల ఉంచండి. మీ ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు. ‘మేము టీ తాగుతున్నాం.’ ఇప్పుడు వారిని గీత ఇవతలికి లాగి మూడో గ్లాసు ఇవ్వండి. ‘మనం టీ తాగుతున్నాం.’ వారి చేతిలో గ్లాసు ఉంటే మనం, లేకపోతే మేము. స్థానాలు మార్చి ఆరుసార్లు చేయండి.

ఆ వెంటనే ప్రార్థనలోకి తీసుకెళ్ళండి. ‘మన పాపాలు క్షమించు దేవా’ అన్నారంటే దేవుణ్ణి కూడా పాపుల్లో కలిపేసినట్టే. మాట్లాడుతున్నది ఆయనతోనే కాబట్టి ‘మా’ అనాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్న మొదటి పలుకులోనే ఈ వ్యాకరణమంతా ఉంది. విశ్వాసులు తమలో తాము చెప్పుకునేటప్పుడు ‘మన ప్రభువు’. ఈ రెండు పలుకులూ చెరో చీటీ మీద రాసి, పక్కన టీ గ్లాసు బొమ్మ వేసి ఇవ్వండి. ‘నా ఇల్లు, నా ఊరు’ అంటుంటే ‘మా ఇల్లు, మా ఊరు’ అని దిద్దండి. ఒంటరిగా ఉండేవారికైనా ‘మా ఇల్లే’.

దిద్దడంలో కొలత ఉంది. గంట పాఠంలో రెండు తప్పులకు మించి పట్టుకోవద్దు. పట్టుకున్న రెండూ వదలొద్దు. అతిథి కదా అని ప్రతిదానికీ ‘చాలా బాగుందండి’ అనేవారి దగ్గర చదువుకున్న మనిషి పదేళ్ళ తర్వాత కూడా అదే తప్పు మాట్లాడతారు. ఇంకో పొరపాటు, కొత్తవారని తెలుగును సాగదీసి, ప్రసంగం భాషలో ‘నేను వెళ్ళుచున్నాను’ అనడం. మామూలు వేగంతో ‘వెళ్ళొస్తానండి’ అనండి. అర్థం కాకపోతే అదే వాక్యం, అదే వేగం, ఇంకోసారి.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలకి సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇంకా లేదు. అది 1852లో అచ్చయింది. వాళ్ళకి అసలైన నిఘంటువు ఈ డెల్టా జనం నోరే. ఇప్పుడు ఫోన్లో ఎన్ని నిఘంటువులున్నా ‘మీరు’ ఎక్కడ అనాలో అవి చెప్పవు.

వీధి పాఠం: పొద్దున్న ఏడింటికో సాయంత్రం ఐదు దాటాకో బయల్దేరండి. ఎండలో వద్దు. పది గుమ్మాలు, పదిచోట్లా ఇవే వాక్యాలు: ‘నమస్కారమండి. తెలుగు నేర్చుకుంటున్నానండి. ఇప్పటికి ఇంతే వచ్చండి. వెళ్ళొస్తానండి.’ మీరు పక్కన ఉండండి, అందించకండి. ఎదుటివారు ఇంగ్లీషులోకి దిగితే ‘తెలుగులోనే చెప్పండి’ అని మీరు కలగజేసుకోవచ్చు. ‘పెళ్ళయిందా? జీతమెంత?’ అని అడుగుతారు. వాళ్ళ దేశంలో కొత్తవాళ్ళని అవి అడగరు, కాబట్టి వచ్చినవారు మొహం మాడ్చుకుంటారేమో. అది ఆరా కాదు, పలకరింపేనని ముందే చెప్పి ఉంచండి. జీతం మాటకి ‘సరిపోతుందండి’ అంటే చాలు.

భోజనానికి కూర్చోబెడితే ‘చాలండి’ అన్న మాటతోపాటు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్పండి. చెయ్యి అడ్డం పెట్టకుండా చాలంటే మర్యాదకి అన్నారనుకుని మళ్ళీ వడ్డిస్తారు. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా వెంట ఉండాలి. ఇల్లు చేరాక రెండు గంటలు ఎవరినీ చూడ్డానికి తీసుకురాకండి. రోజంతా పరాయి భాష వింటే తల దిమ్మెక్కిపోతుంది. అప్పుడు మాట్లాడకపోవడాన్ని గర్వం అనుకోవద్దు.

వచ్చే వారానికి పని: ఐదు ఫొటోల ప్రశ్నలు మీ గొంతుతో రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి ఇవ్వండి. రోజూ మూడుసార్లు వినాలి. 4వ పాఠం ‘నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు కావాలి’. దానికి ఒక అరటిపండు, ఒక ఖాళీ గ్లాసు, ఒక దుప్పటి సిద్ధంగా పెట్టుకోండి.