డోర్ హ్యాండిల్ గుంటలు, మిర్రర్ కింద ఇరుకులు: కారుకి మెషిన్ పాలిష్ ఎలా చేయాలి?

మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బావగారి నల్ల కారుకి పాలిష్ పెట్టాం. బానెట్, రూఫ్ త్వరగానే అయిపోయాయి. నాలుగు డోర్ హ్యాండిళ్ల వెనక గుంటలకే మధ్యాహ్నం దాటింది. టార్చ్ వేసి చూస్తే గోళ్లు, ఉంగరాలు, తాళంచెవులు గీసిన గీతలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. "ఆ పెద్ద ప్యాడే కాస్త వంచి పెట్టరాదూ?" అన్నారు బావగారు.

అలా మాత్రం చేయకండి. ప్యాడ్ వంచితే దాని అంచు ఒక్కటే తగులుతుంది, వేడంతా ఆ ఒక్క చోటే పుడుతుంది. ఇరుకు చోట్ల చుట్టూ మడతలు, అంచులు ఉంటాయి. పెయింట్ తడిగా ఉన్నప్పుడే అంచు మీంచి జారి, అక్కడ పల్చగా ఆరుతుంది. పైనుండే క్లియర్ కోట్ మామూలుగా 40-50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. అంచు దగ్గర ఇంకా తక్కువ. అది ఒక్కసారి అరిగిపోతే మళ్లీ పెయింట్ వేయించడమే.

ముందు కారుని షాంపూతో కడిగి, గుంటల్లో మెత్తటి బ్రష్ తిప్పండి. మా వైపు బోరు, ట్యాంకర్ నీళ్లే కాబట్టి మిర్రర్ కింద నీళ్లు కారిన చోట తెల్లని ఉప్పు మరకలు పడతాయి. సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తో తుడిచి, నిమిషంలో కడిగేస్తే చాలావరకు పోతాయి. ఆరాక గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు అందులో చిక్కుకుందంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, వదిలేయండి.

తర్వాత మాస్కింగ్ టేప్. అంచులకి, నల్ల ప్లాస్టిక్‌కి, రబ్బరు బీడింగ్‌కి, హ్యాండిల్ లోపలి వైపుకి వేయాలి. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: మనం గుంటలోకి చూస్తుంటే మెషిన్ వెనక భాగం మిర్రర్‌కి తగులుతుంది. మిర్రర్‌కీ టేప్ చుట్టండి, వైరు భుజం మీద వేసుకోండి.

మెషిన్ డ్యూయల్ యాక్షన్‌దైతే (ప్యాడ్ గుండ్రంగా తిరుగుతూనే అటూ ఇటూ కూడా కదిలేది) మంచిది, ప్యాడ్ 1 నుంచి 3 అంగుళాల లోపు. గుంటలో నలువైపులా తగలకుండా తిరిగే సైజు ఎంచుకోండి. మొదట మెత్తటి ఫోమ్, ఫైన్ పాలిష్‌తో ఒక చోట చేసి చూడండి. గీతలు పోకపోతేనే కాంపౌండ్, అంటే ఇంకా గరుకైన పాలిష్. చిన్న ప్యాడ్‌కి పెసరగింజంత చుక్కలు రెండు చాలు. స్విచ్ వేయకముందే ప్యాడ్‌తో పులమండి, లేకపోతే గుంటంతా చిమ్ముతుంది.

ప్యాడ్ బిగించే ప్లేట్ పక్కన మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి. పని చేస్తుంటే ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే ప్యాడ్ ఊరికే వణుకుతోంది తప్ప తిరగట్లేదు, గీతలు పోవు. అప్పుడు ఒత్తిడి తగ్గించండి, లేదా ఇంకా చిన్న ప్యాడ్ పెట్టండి. తక్కువ స్పీడులో మొదలుపెట్టి మధ్యస్తం దాకా వెళ్లండి, చాలు. మూడు నాలుగు సార్లు నెమ్మదిగా తిప్పి, ఆపి, వేళ్ల వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చురుక్కుమంటే చల్లారనివ్వండి. బంపర్, మిర్రర్ కవర్, హ్యాండిల్ ప్లాస్టిక్‌వి. రేకులా వేడిని పక్కకి పంచవు కాబట్టి అక్కడ ఇంకా తొందరగా ఆపాలి.

మడత దగ్గర చివరి అరంగుళం చేత్తోనే. వేలికి మైక్రోఫైబర్ గుడ్డ చుట్టి, కాస్త పాలిష్ అద్ది, ఒకే దిశలో రుద్దండి. లోగో అక్షరాల మధ్య కూడా ఇంతే.

పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి, అవి పోయినట్టే చూపిస్తుంది. పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. సన్నని గీత ఒకటీ అరా మిగిలితే మిగలనివ్వండి, దాని కోసం పెయింట్ అరగదీయడం నాకిష్టం లేదు. సందుల్లో చేరిన తెల్ల పొడిని మెత్తటి బ్రష్‌తో దులపండి.

ఆఖరున వ్యాక్స్. ఒకవేళ హ్యాండిల్ గుంటల్లో పారదర్శక ఫిల్మ్ అంటించాలనుకుంటే, అక్కడ మాత్రం వ్యాక్స్ పూయకండి, ఫిల్మ్ సరిగా పట్టదు. బావగారి కారుకి ముందు రెండు డోర్లకి ఫిల్మ్ వేశాం, వెనక రెండింటికి వ్యాక్స్.