కంప్యూటర్ లాక్ అయిందంటే కంగారు పడకండి

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి అమెరికాకు కొత్తగా వచ్చే పిల్లలకు బ్యాంకు ఖాతా గురించి, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) గురించి సీనియర్లు బాగానే చెబుతారు. ల్యాప్‌టాప్ మీద ఉన్నట్టుండి ఎఫ్‌బీఐ ముద్ర ప్రత్యక్షమైతే ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

అది తరచూ తగిలేది కొత్త సినిమా ఫ్రీగా చూపిస్తామనే సైట్లలో. ప్లే గుర్తు నొక్కితే సినిమా రాదు, ఇంకో ట్యాబ్ తెరుచుకుని స్క్రీనంతా పరుచుకుంటుంది. అడ్రస్ బార్ మాయం, మౌస్ బాణం మాయం, పైగా సైరన్ మోత. ‘మీ కంప్యూటర్ బ్లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఒకటే పాట. ఒక పెట్టె మూస్తే ఇంకోటి లేస్తుంది.

ఇంత హడావుడి చేసేది ఒట్టి వెబ్ పేజీ. మీ ఫైళ్లకు తాళం వేసే శక్తి దానికి లేదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌కు ఎండ్ టాస్క్ కొట్టండి. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయాలా అని అడిగితే వద్దనండి, లేకపోతే ఆ దయ్యమే మళ్లీ వస్తుంది. నోటిఫికేషన్లకు అనుమతి ఉన్న సైట్లలో తెలియనివన్నీ తీసేయండి.

ఫోన్ మాత్రం చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు పెట్టదు. అవతలివాడు ముందు మీ కంప్యూటర్‌ను దూరం నుంచే నడిపించే ఎనీడెస్క్ అనే యాప్ వేయమంటాడు, తర్వాత గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమంటాడు. వీసా మీద ఉన్నవాళ్లకు ‘డిపోర్ట్ చేస్తాం’ అన్న ఒక్క మాట చాలు, చెమటలు పడతాయి. వాడి ధైర్యమంతా అదే. గిఫ్ట్ కార్డుల్లో జరిమానా వసూలు చేసే ప్రభుత్వం ఎక్కడా లేదు. ఇప్పటికే వాడిని లోపలికి రానిచ్చి ఉంటే వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చి, బ్యాంకుకు చెప్పండి. ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైటులో ఫిర్యాదు ఇవ్వండి.

ఫైళ్లకు నిజంగానే తాళం వేసి డబ్బు అడిగే అసలు రాన్సమ్‌వేర్ వేరు. ఫైళ్లు తెరుచుకోవు, వాటి పేర్ల చివర వింత అక్షరాలు చేరతాయి. అప్పుడు నెట్ తీసేసి, వేరే కంప్యూటర్‌లో ‘నో మోర్ రాన్సమ్’ సైటు చూడండి. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు కొన్ని సెక్యూరిటీ కంపెనీలతో కలిసి 2016లో పెట్టిన సైటు అది. కొన్ని రకాలకు విరుగుడు ఉచితంగానే దొరుకుతుంది.

ఇక హన్మకొండలో మీరు వదిలేసి వచ్చిన పాత కంప్యూటర్ సంగతి. అక్కడ ఎఫ్‌బీఐ బదులు మూడు సింహాల ముద్ర వస్తుంది, కార్డుతో ఫైన్ కట్టమంటుంది. ‘బిడ్డా, కంప్యూటర్ల పోలీసోళ్లది ఏందో వచ్చింది, పైసలు కట్టమంటున్నది’ అని బాపు ఫోన్ చేస్తే అర్ధరాత్రయినా ఎత్తండి, ముందు స్విచ్ బంద్ చేయమనండి. కార్డు నంబరు అప్పటికే కొట్టేసి ఉంటే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే డబ్బు అన్ని ఖాతాలు దాటిపోతుంది. ఆ ఫోన్ ఊళ్లో ఉన్నవాళ్లు చేస్తేనే పని తొందరగా అవుతుంది కాబట్టి, ఈసారి మాట్లాడినప్పుడే ఆ నంబరు గోడ క్యాలెండర్ మీద రాయించండి.