నేరేడు, కలే, ఉసిరి: క్యాన్సర్ భయం ఉన్నవాళ్లు ఎలా తినాలి?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే మిగతావాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. బ్లూబెర్రీలు తింటే క్యాన్సర్ రాదని ఎవరో చెప్పారని మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు పోయి మరీ బ్లూబెర్రీ డబ్బాలు తెచ్చుకునేవాళ్లున్నారు. అంత ఖర్చు అక్కర్లేదు. వాటికి నీలం రంగునిచ్చే ఆంథోసయనిన్లు అనే యాంటీఆక్సిడెంట్లు (కణాలను నష్టం నుంచి కాపాడే పదార్థాలు) మన అల్లనేరేడు పండ్లలోనూ ఉన్నాయి.

ఈ యాంటీఆక్సిడెంట్లు కణాలకు జరిగే నష్టాన్ని తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో, ఎలుకల మీద చూశారు. ఫలానా పండు తింటే మనిషికి క్యాన్సర్ రాదని మాత్రం రుజువు కాలేదు. అందుకే వీటిని మందులా కాకుండా, రోజువారీ తిండిలా తినాలి.

1. ఏ కాలం పండు ఆ కాలంలో కొనండి. ఎండాకాలం చివర్లో గుట్టల మీది కలే పండ్లు, మృగశిర కార్తెకు నేరేడు, చలికాలంలో ఉసిరి, సంక్రాంతికి రేగు. అచ్చంపేట వైపు వెళ్తే నల్లమల అడవి పండ్లు అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి, వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి.

2. పారే నీళ్లలో బాగా కడగండి. నేరేడు తొక్క తీయకండి, రంగంతా అక్కడే ఎక్కువ.

3. జ్యూస్ చేసి వడకట్టకండి, పీచు పోతుంది. పండు పండుగానే నమలండి. రోజుకు ఒక గుప్పెడు చాలు. పండ్లు, కూరగాయలు అన్నీ కలిపి రోజుకు 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

4. యాంటీఆక్సిడెంట్ మాత్రల జోలికి వెళ్లకండి. ఇది చాలా ముఖ్యం. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లతో ఒక పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్) మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. కీమో (క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్స) నడుస్తున్నవాళ్లయితే డాక్టర్‌ను అడగకుండా ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా వేసుకోవద్దు.

5. బీడీ, చుట్ట, గుట్కా, జర్దా మానేయండి. ఇవి మానకుండా బుట్టెడు నేరేడు పండ్లు తిన్నా లాభం లేదు. మానలేకపోతుంటే 1800-112-356కు ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే ఉచిత సహాయం అది.

నోట్లో పుండు గానీ, తెల్లని మచ్చ గానీ రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా దగ్గరున్న సర్కారు దవాఖానలో చూపించుకోండి.