ప్రయోగ పత్రం చదవడం నేర్చుకుందాం – 4: ఆ నిరోధకత ఎవరిది?

పోయిన పాఠంలో ఎంఐసీ చూశాం. బ్యాక్టీరియా పెరుగుదలను కంటికి కనబడకుండా ఆపగలిగే అతి తక్కువ మందు మోతాదు అది. ఈసారి ఆ అంకెను అనుమానించడం నేర్చుకుందాం. మందు ఉన్నా ఒక బ్యాక్టీరియా పెరిగిందంటే "రెసిస్టెంట్", అంటే మందుకు లొంగనిది, అని రాసేస్తాం. కానీ అది సొంత బలంతో నిలబడిందా, పక్కవాడి చలవతో బతికిందా?

గ్రామ్ నెగటివ్ (లోపలి పొరకు తోడు మరో బయటి పొర ఉండే రకం) బ్యాక్టీరియా బయటి పొర అక్కడక్కడ ఉబ్బి, తెగి, చిన్న బుడగలుగా ఊడిపోతుంది. ఇవే వెసికిల్స్. సైజు సుమారు 20 నుంచి 250 నానోమీటర్లు. కలరా బ్యాక్టీరియా ఇలా పొరను విసర్జించడాన్ని ఛటర్జీ, దాస్ అనే పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గమనించి 1967లోనే ప్రచురించారు. అయినా వీటిని చాలాకాలం చెత్త కిందే జమకట్టారు.

ఇప్పుడు పత్రంలోకి వద్దాం. పిల్లలకు చెవిపోటు తెచ్చే బ్యాక్టీరియాలో మొరాక్సెల్లా కటారాలిస్ ఒకటి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ దాని వెసికిల్స్‌లో ఉందనీ, ఆ వెసికిల్స్ కలిపితే అమాక్సిసిలిన్‌కు చచ్చిపోవాల్సిన హీమోఫిలస్, న్యూమోకాకస్ అనే వేరే బ్యాక్టీరియా కూడా బతికిపోయాయనీ 2011లో స్వీడన్ పరిశోధకులు చూపించారు.

ఇలాంటి ఫలితం కనబడగానే ముందు మెథడ్స్ భాగానికి వెళ్ళండి. (దాన్ని దాటేసే అలవాటుంటే ఇవాళే మానుకోండి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.) కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని ఫిల్టర్ చేసి, మళ్ళీ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే వెసికిల్స్ అడుక్కి చేరతాయి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ దగ్గర బ్యాక్టీరియా ఆగిపోవాలి. నిజంగా ఆగాయా? ఆ వెసికిల్స్‌లో కొంచెం తీసి ఖాళీ అగర్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్ళెం) మీద పరిచి, ఏమీ మొలవలేదని చూపించారా? బతికున్న మొరాక్సెల్లా ఒక్కటి జారిపోయినా ఫలితం మొత్తం అనుమానాస్పదమే. నా దృష్టిలో ఇది లేని పత్రాన్ని అక్కడే పక్కన పెట్టేయవచ్చు.

తర్వాత కాపాడింది ఎంజైమేనా అని అడగాలి. బీటా-లాక్టమేజ్ లేని రకం నుంచి తీసిన వెసికిల్స్‌తో అదే ప్రయోగం చేసి, అప్పుడు రక్షణ పోతే సరే. పోకపోతే కారణం వేరే ఉంది. వెసికిల్ మందునే తనకు అంటించుకుని బ్యాక్టీరియా దాకా పోనివ్వకపోవచ్చు. ఈ.కోలై మీద 2011లోనే వచ్చిన మరో పని ఇదే చెప్పింది: పొర మీద దాడిచేసే పాలిమిక్సిన్-బి, కొలిస్టిన్‌ల నుంచి వెసికిల్స్ కాపాడాయి. లోపలికి వెళ్ళి పనిచేసే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి వాటి విషయంలో పెద్దగా ప్రయోజనం కనబడలేదు. ఏ మందుకు రక్షణ దొరికింది, ఏ మందుకు దొరకలేదు అన్న తేడాలోనే కారణం బయటపడుతుంది.

ఎంజైమ్ మందును విరగ్గొట్టడం, వెసికిల్ మందును పట్టేయడం అయ్యాయి; మూడో దారి జన్యువు. కార్బపెనెమ్‌లనే యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువున్న ప్లాస్మిడ్‌ను (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్టను) అసినెటోబాక్టర్ బౌమన్నీ అనే బ్యాక్టీరియా వెసికిల్స్ మోసుకెళ్ళి మరో అసినెటోబాక్టర్‌కు అందించగలవని స్పెయిన్ పరిశోధకులు చూపారు. దీన్ని పట్టుకోవడానికి రెండు గుర్తులు. వెసికిల్స్ బయట అంటుకున్న డీఎన్‌ఏను, దాన్ని ముక్కలు చేసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ వేసి ముందే తుడిచేశారా? బతికిన కాలనీని తీసి, వెసికిల్స్ లేకుండా మందున్న ప్లేటు మీద మళ్ళీ గీశారా? అక్కడ చచ్చిపోతే అది అరువు రక్షణే. పెరిగితే, ఆ బ్యాక్టీరియా తర్వాతి తరాలకు కూడా సంక్రమించే జన్యువు దానికి అందిందని అనుమానించి, జన్యువు ఉందో లేదో చూపే పీసీఆర్ పరీక్షతో తేల్చుకోవాలి.

అభ్యాసం: కొలిస్టిన్ ఉన్న ద్రవంలో ఒక బ్యాక్టీరియా వెసికిల్స్ కలిపితేనే పెరిగిందనుకోండి. వెసికిల్స్‌ను మరిగించి వేసినా రక్షణ తగ్గలేదు. పెరిగినదాన్ని తీసి కొలిస్టిన్ ప్లేటు మీద గీస్తే ఏమీ మొలవలేదు. పై మూడు దారుల్లో ఇది ఏది? ఏ గమనిక వల్ల ఏ దారిని కొట్టేశారో ఒక్కో వాక్యంలో రాయండి. అయిదో పాఠం మీ జవాబును సరిచూసుకోవడంతోనే మొదలవుతుంది.