కిబేరాకు వెళ్లే విద్యార్థులకు జాగ్రత్తలు

సెలవుల్లో కెన్యా రాజధాని నైరోబీ వెళ్లి, అక్కడి కిబేరా అనే పేదల వాడను చూడదలచినవారు ముందుగా ఇవి సరిచూసుకోవాలి.

ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకుండా కెన్యా నుంచి నేరుగా తిరిగివస్తే, మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

ఆ వాడలో నివసించేవారినే తోడు తీసుకోవాలి. రేకుల ఇళ్ల మధ్య సందులు కొత్తవారికి అంతుపట్టవు.

అడగనిదే ఫొటో తీయరాదు. గుమ్మం ముందు బట్టలు ఉతుక్కునే మనిషి మన ఆల్బమ్ కోసం కూర్చోలేదు.

పిల్లలకు చిల్లర పంచడంకన్నా అక్కడి కొట్లలో చపాతీ (అక్కడా అదే పేరు) కొనుక్కు తినడం మేలు.

మార్చి నుంచి మే వరకు పెద్దవానలకు మురుగు దారిమీదికి పొంగుతుంది కనుక బూట్లు తప్పనిసరి.